ఎడంచేతి సంతకం

“కేసు వద్దు మేడం. మా ఆయన కొట్టాడని ఏదో కోపంలో రాసిచ్చాను. నిజానికి మెట్ల మీద జారిపడ్డాను,” అంది కుట్టుపని చేసే ఆవిడ.

“అలా చెప్పమన్నాడా?” అడిగింది ప్రభుత్వ లాయరు.

“అయ్యో, లేదు. బయట బెంచీ మీద కూర్చున్నాడు పాపం. మూడు నెలలుగా నన్ను పల్లెత్తు మాట అనలేదు.”

లాయరు కేసు వెనక్కి తీసుకునే కాగితం ఇచ్చింది. ఆవిడ గబగబా సంతకం చేసింది.

“పాత ఫిర్యాదు మీదున్న సంతకంతో ఇది కలవడం లేదు, చూడండి.”

ఫిర్యాదు కింద అక్షరాలు ఒకటో తరగతి పిల్ల రాసినట్టు వంకరటింకరగా ఉన్నాయి.

“ఇది నాది కాదు మేడం.”

“మీదేనమ్మా. ఆ రోజు మీ కుడిచేతికి కట్టుంది. ఎడంచేత్తో పెట్టారు. ఇప్పుడూ అలాగే పెట్టండి.”

ఆవిడ పెన్ను ఎడంచేతికి మార్చుకుంది. మొదటి అక్షరం రాస్తుండగానే కుడిచెయ్యి తనంతట తానే బల్ల కిందికి వెళ్లి దాక్కుంది. ఆవిడ రాయడం ఆపి దానికేసి చూస్తూ ఉండిపోయింది.

“ఒక్కో వేలే విరిచాడు మేడం,” అంది. “ఇక ఎలా కుడతావో చూస్తానన్నాడు.”



ఆవిడ పెన్ను కింద పెట్టి, గొంతు తగ్గించి అడిగింది.

“ఈ గదికి ఇంకో గుమ్మం ఉందా?”