ఎర్రదారం

పనసపొట్టు కూరలో రెండో ముద్ద కలుపుతూ మాణిక్యాలరావు చెయ్యి ఆపేశాడు.

ఎర్రదారం!

రాజోలు కచేరీలో ఉత్తరాలు రాసే రాయసం పని ఆయనది. గోదావరికి ఆనకట్ట కట్టిన మూడో ఏడు, ఎక్కడ చూసినా కాలవల తవ్వకాలే. ఆ పొద్దున్న రెండు ఉత్తరాలు రాశాడు. ఒకటి అంతర్వేదిలో మకాం వేసిన తాసీల్దారుగారికి, కాలవ పని ఎంతవరకు వచ్చిందో తెలుపుకుంటూ. రెండోది సఖినేటిపల్లిలో ఉన్న బావమరిదికి, ఊసుపోక. రెండూ మడిచి పైన పేర్లు రాశాడు. కాని మోసుకెళ్ళే బంట్రోతు జోజికి ఆ పేర్లతో ఏం పని? వాడికి దారమే గుర్తు. సర్కారు ఉత్తరానికి ఎర్రదారం, ఇంటి ఉత్తరానికి తెల్లదారం.

ఇవాళ అలవాటు చొప్పున చేతికందిన ఎర్రదారం తీసి బావమరిది ఉత్తరానికి చుట్టేశాడు, మిగిలిన తెల్లదారం సర్కారు ఉత్తరానికి.

అందులో రాసిన ముక్కలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ‘మా తాసీల్దారు వట్టి దున్నపోతు. ఏ ఇంట నెయ్యి కాగితే ఆ ఇంటికే తనిఖీకి వెళ్తాడు. సంతకం తప్ప అక్షరం ముక్క రాదు. ఆ సంతకంలోనూ తప్పే.’

తాసీల్దారుగారు చూపు ఆనదంటారు. ఏ కాగితమైనా గుమాస్తా చేత పైకి చదివించుకుంటారు. ఈ ముక్కలు నలుగురిలో చదివితే ఉద్యోగం మాట అటుంచి, వీపు మిగలదు.

విస్తరి ముందు నుంచి లేచి రేవుకి పరిగెత్తాడు.

"అంతర్వేది ఎంతసేపట్లో చేరతాం?"

"నీరు ఆటు మీదుందండి, సముద్రం కేసే లాగుతోందండి. గాలి కూడా మనదేనండి. కూకోండి బాబూ," అన్నాడు పడవవాడు.

పడవలో కూర్చుని ఆలోచించాడు. తప్పంటూ జరిగాక అది ఎవరో ఒకరిది కావాలి కదా.

జోజి మూడేళ్ళుగా కచేరీ ఉత్తరాలు మోస్తున్నాడు. వానొచ్చినా వరదొచ్చినా ఒక్కటి తడవనివ్వలేదు. ఆదివారాలు మాత్రం రేవు దాటి నరసాపురంలో దొరల ప్రార్థనకి వెళ్తాడు. ఆ మతంలో కలిసి పేరు కూడా మార్చుకున్నాడు. కచేరీలో ఆ సంగతి ఎవరికీ మింగుడు పడలేదు. మాణిక్యాలరావుకి ఇప్పుడదే పనికొచ్చింది.

అంతర్వేది మకాంలో తాసీల్దారు భోంచేసి చుట్ట కాలుస్తున్నాడు. పక్కన తమలపాకుల పెట్టె. దానికింద మడత కాగితం. ఎర్రదారం కొస బయటికి వేలాడుతోంది. చదివి వినిపించే గుమాస్తా భోజనానికి వెళ్ళి ఇంకా రాలేదు. దూరంగా ఎండలో జోజి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"తమరు ఆ కాగితం చదివించలేదు కదండీ?"

"లేదు. ఏం?"

మాణిక్యాలరావు భోరుమన్నాడు. "అది నేను పంపింది కాదండి. వీడు దారిలో మార్చేశాడండి. ఎవడిచేతో నా దస్తూరీలాగే రాయించేడండి. మతం మారినందుకు నాలుగు చీవాట్లు పెట్టేనని నామీద కసండి వీడికి. పడవవాళ్ళు చెబితే అన్నం ముందు నుంచి లేచొచ్చేను."

"ఏం రాయించేడు?"

"నా నోటితో చెప్పలేనండి. తమర్ని అన్నది చాలక, పోయిన అమ్మగారి పేరు కూడా ఎత్తేడటండి."

తాసీల్దారు ముఖం నల్లబడింది. తల్లి పోయి ఇంకా ఏడు తిరగలేదు.

జోజి రెండడుగులు ముందుకొచ్చాడు. "బాబయ్యా, ఆ కాయితం ఓపాలి ఇప్పించండి. నేను సరిగ్గానే ఇచ్చేనండి. రాయసంగారికి మాట రాకుండానే ఇచ్చేనండి."

"చూశారా వీడి ధీమా! నలుగురిలో చదివించమంటున్నాడు. రేపటికి అమ్మగారి పేరు రేవులన్నీ పాకుతుందండి. వాడికి కావలసింది అదేనండి!"

తాసీల్దారు కాగితం చేతిలోకి తీసుకున్నాడు. ఒక్క క్షణం అటూ ఇటూ తిప్పాడు. చుట్ట ముట్టించుకునే కుంపట్లో పడేశాడు. ముందు దారం అంటుకుంది.

"పరిగెత్తే కాళ్ళున్నాయని కదూ ఈ పొగరు?" అన్నాడు. "ఆ కాళ్ళ సంగతి చూడండిరా."

చింతబరికలు రెండు విరిగాక రోకలి తెచ్చారు. మోకాలి చిప్ప పగిలిన చప్పుడు అరుగు మీదికి కూడా వినబడింది. మాణిక్యాలరావు తల తిప్పుకుని గోదారి కేసి చూశాడు. జోజి అరిచినంతసేపూ "ఇప్పించండి బాబయ్యా" అనే అరిచాడు.

ఆ సాయంత్రం అక్కడే కూర్చుని కాలవ సంగతులన్నీ గుర్తు తెచ్చుకుని మళ్ళీ రాసిచ్చాడు. తాసీల్దారు సంతోషించి, తన భుజం మీది ఉత్తరీయం తీసి ఆయనకి కప్పాడు. జోజి మీద జాలి వెయ్యలేదా అంటే, వేసింది. పడవెక్కేదాకా.

నాలుగో రోజు కొత్త బంట్రోతు సఖినేటిపల్లి నుంచి ఉత్తరం తెచ్చాడు. బావమరిది చేతిలో పడ్డ సర్కారు కాగితం తిరిగొచ్చిందనుకుని మాణిక్యాలరావు గబగబా విప్పాడు. లోపల ఒకటే కాగితం, బావమరిది రాత.

‘బావగారికి నమస్కారాలు. మీ దున్నపోతు కబుర్లు చదివి ఇంటిల్లిపాదీ పడిపడి నవ్వేం. అన్నట్టు, మీ జోజి మా రేవు మెట్ల మీద కూచుని, దొరల దగ్గర నేర్చిన అక్షరాలతో ఉత్తరాల మీది పేర్లు కూడబలుక్కుని చదివి, దారాలు రెండూ విప్పి మార్చి కడుతుంటే నేనే చూశాను. "అయ్యగారు పొరబడ్డారండి, తెలిస్తే ఆయనకి మాటొస్తుంది, ఎవరితోనూ అనకండి" అన్నాడు. వాడికేదైనా మంచి బహుమానం ఇప్పించండి.’