మిగిలిన మందు

వరిచేలో పెట్టిన దీపపు ఎరలో రాత్రి పడిన పురుగులను పరిశోధకురాలు రోజారాణి లెక్కపెడుతుంటే, రైతు శివరాం భార్య చిన్నవ్వ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“తక్కువున్నయని చెప్పు మేడం. పురుగుల మందు వద్దను.”

“శానా ఉన్నయక్కా. కొట్టకుంటే పంట దక్కదు.”

“మా మరిది పోయిన యేడు మిగిలిన మందే తాగి పాణం తీసుకున్నడు. ఈయన గూడ ఇప్పుడు ఇంట్ల మాట్లాడ్తలేడు.”

గట్టు మీద నుంచి శివరాం అడిగాడు. “ఏమంటున్నయి మేడం, మీ పురుగులు?”

రోజారాణి లేచింది. “మందు కొట్టాల్సిందే అన్నా. బాన్సువాడ నుంచి నేనే తెస్తా. మిగిలింది నేనే తీసుకపోతా.”

శివరాం భార్య వైపు చూశాడు. అతనికి కోపం వస్తుందని రోజారాణి భయపడింది.

“మర్చిపోకుండ్రి మేడం,” అన్నాడతను మెల్లగా. “అది ఇంట్ల ఉంటే నాకు గూడ భయమైతది.”