చేపతల గిటార్

“అది మరి నాదమ్మా,” అన్నాడు పెద్దాయన.

గిటార్ అందుకోబోయిన రేఖ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

బొబ్బిలి దగ్గర పల్లెలో వీణలు చేసే గంగరాజు ఈ మధ్య ఒక బేస్ గిటార్ చేశాడు. వీణకు లాగే ఒకే పనస దుంగను తొలిచి చేశాడు. మెట్లు పెట్టలేదు. కొసన సింహం తలకు బదులు చేప తల చెక్కాడు. వీణ వాళ్లు చూస్తే గిటార్ అంటారు, గిటార్ వాళ్లు చూస్తే వీణ అంటారు. ఎవరి మాటా వినని మొండి వాయిద్యం అది.

ఫోన్‌లో దాని ఫొటో చూసిన దగ్గర్నుంచి రేఖకు కంటి మీద కునుకు లేదు. ఆమె వైజాగ్‌లో ఒక బ్యాండులో బేస్ వాయిస్తుంది. షాపు గిటార్లతో వేగి వేగి, తన గొంతులాంటిది ఒక్కటి దొరికితే చాలనుకుంటోంది. అమ్ముడైపోయిందని గంగరాజు ఫోన్‌లోనే చెప్పాడు. అయినా బస్సెక్కి వచ్చేసింది.

కొన్నాయన ఎదురుగానే ఉన్నాడు. పేరు నరసింగరావు, ఊరు భావనపాడు. గళ్ల లుంగీ, భుజాన తువ్వాలు. గిటార్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

“మీరేటి చేస్తారు బాబాయ్?”

“కిరాణా కొట్టమ్మా.”

“దీన్ని కొట్లో తగిలిస్తారా?”

“బియ్యం బస్తాల పక్కన జాగా ఉన్నాది,” అన్నాడాయన తాపీగా.

రేఖకు ఒళ్లు మండింది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టుంది అనుకుంది. పైకి అనలేదు, అదే నయం.

“నాకు ఇంకోటి చేసిపెడతారా?” అని గంగరాజును అడిగింది.

“ఇలాగ ఆరిన దుంగ మరి లేదమ్మా. రెండు మూడేళ్లు పడతాది,” అన్నాడు గంగరాజు, చిత్రిక పట్టడం ఆపకుండానే.

రేఖ కోపం దిగమింగుకుని మళ్లీ పెద్దాయన వైపు తిరిగింది.

“నాకిచ్చీండి బాబాయ్. మీకైతే గోడకి అందం. నాకైతే అదే బతుకు.”

“ఈ బేసు ఎవులికి వినబడతాదమ్మా? పాటోల్ల గోలలో కలిసిపోతాది గదా.”

“ఉన్నప్పుడు ఎవరికీ వినబడదు. ఆపేస్తే మాత్రం అందరికీ తెలుస్తాది.”

పెద్దాయన ఒళ్లోని గిటార్ తీసి ఆమె చేతికిచ్చాడు.

“ఏదీ, ఒకపాలి వాయించు.”

గంగరాజు మూలనున్న స్పీకరుకు వైరు తగిలించాడు. రేఖ వాయించింది. గోడకు వేలాడుతున్న సగం చెక్కిన వీణలన్నీ సన్నగా అదిరాయి. పనస కర్రకు ఇంత లోతైన గొంతుంటుందని ఆమె కూడా అనుకోలేదు. పాట ముగిసింది. ముగిశాక, ఎప్పుడూ చేసేట్టే, అడుగు తీగ మీద ఒక్క మీటు మీటి వదిలేసింది.

నరసింగరావు తలెత్తాడు.

“పాట అయిపోనాది గదా. ఆ సివర్దేటి?”

“అది నా అలవాటు.”

“ఎవులు నేర్పినారు?”

“ఎవరూ నేర్పలేదు బాబాయ్. మాది శృంగవరపుకోట. చిన్నప్పుడు అమ్మోరి పండక్కి ఆర్కెస్ట్రా వచ్చీది. జనమంతా పాడీవోళ్లని చూసీవోరు. నేను స్టేజి పక్కన పెద్ద బాక్సుకి వీపు ఆన్చి కూచునీదాన్ని. ఆ బేసు వచ్చి గుండెల్లో తగిలీది. వాయించినాయన బాక్సుల వెనకాల ఉండీవోడు, మొహం ఒక్కసారి కూడా చూడలేదు. అందరూ ఆపేశాక ఒక మీటు ఎక్కువేసీవోడు. అది వినందే నేను లేచీదాన్ని కాదు.”

“తాళం తప్పుంటాడు,” అన్నాడు పెద్దాయన.

“తప్పైతే ఆ తప్పే నాకు గురువు. నేనీవేళ స్టేజి మీద నిలబడ్డానంటే ఆయన వల్లే. పేరు తెలిస్తే ప్రతి ప్రోగ్రాంలోనూ చెప్పుకుందును.”

ఆ మాట అంటున్నప్పుడు రేఖ మొహంలో గర్వం దాచుకున్నా దాగలేదు.

పెద్దాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఉక్కపోత బాగానే ఉంది మరి.

“పట్టుకుపో తల్లీ. ఇది నీదే,” అన్నాడు.

“నిజంగానా బాబాయ్?”

“మిగతా సంగతులు గంగరాజుతో సూసుకో. నా బస్సుకి టైమైపోతన్నాది.”

ఫోన్ నంబరు అడిగితే ఇవ్వలేదు. చేప తలను ఒకసారి నిమిరి, చెప్పులేసుకుని గుమ్మం దిగాడు. చేతికొచ్చిన వస్తువు వదులుకున్న మనిషిలా లేదు ఆ నడక. ఛాతీ విరుచుకుని, పెళ్లికొడుకు తండ్రిలా వెళ్లాడు.

కాసేపటికి రోడ్డు మీద బస్సు ఆగిన చప్పుడు, కదిలిన చప్పుడు వినిపించాయి.

రేఖ గిటార్‌ను సంచిలో పెట్టుకుంటూ నవ్వింది.

“కొట్టాయనకి నా మీద జాలేసినట్టుంది.”

గంగరాజు చిత్రిక కింద పెట్టాడు.

“జాలి కాదమ్మా. సెప్పొద్దని సైగ సేసినాడు గాని, నా కడుపులో మాట ఆగదు. ఆయన బతుకంతా ఆర్కెస్ట్రా పార్టీవోల్ల గిటారే వాయించినాడు. ఆర్కెస్ట్రాలు పడిపోనాక కొట్టు పెట్టుకున్నాడు. సొంతానికని సేయించుకున్నది ఇదొక్కటే.”

రేఖ సంచి కింద పెట్టేసింది.

“ఏ ఆర్కెస్ట్రాలో వాయించీవోరు?”

“ఏదైతేనేటమ్మా, పాట అయిపోనాక ఒక మీటు ఎక్కువేస్తన్నాడని పండగ పండక్కీ ఓనరు సేత తిట్లు తిన్నోడు ఆయనే.”