చెయ్యి ఆడితే నడిచే వాచీ

మా మనవరాలు హైమ తన జీతంతో పెళ్లికి మొగుడు తారకేశ్‌కి జపాన్ వాచీ కొంది. బ్యాటరీ లేనిది. డయలు మంచు పడిన నేలలా తెల్లగా, గరుగ్గా ఉంటుంది. అలాంటి మంచు మేమెవరమూ చూడలేదు. ఆ డయలు రోజూ అతని కళ్లెదుట ఉండాలని హైమ కోరిక.

నెల తిరక్కుండానే తారకేశ్ వాచీ తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఆగిపోయింది తాతగారూ. మా అమ్మ నకిలీ సరుకంటోంది."

వెంట వచ్చిన హైమ తల ఎత్తలేదు.

నేను దాన్ని చేతికి పెట్టుకుని రుబ్బురోట్లో మినప్పప్పు రుబ్బాను. ముల్లు కదిలింది.

"నకిలీ కాదు. చెయ్యి ఆడితేనే నడుస్తుంది బాబూ. ఇంట్లో నువ్వేం పని చేస్తావు?"

"చెయ్యడానికేముందండీ? తలుపులు అవే తెరుచుకుంటాయి. స్నానం, అన్నం అన్నీ మరమనిషి చూసుకుంటుంది."

"అన్నం కూడానా?"

"అందరికీ అదేగా కలిపి నోట్లో పెడుతోంది. మీరొక్కరే ఇంకా చేత్తో కలుపుకుంటున్నారు."

రోటి పొత్రం అతనికిచ్చాను. నాలుగు తిప్పులు తిప్పి, భుజం పట్టేసిందన్నాడు. వాచీ పెట్టుకుని వెళ్లాడు. హైమ మొహం తేటపడింది.

తర్వాత ఒకసారి ఇద్దర్నీ భోజనానికి పిలిచాను. అతని చేతికి వాచీ లేదు.

"మళ్లీ ఆగిందా?"

"లేదండీ, బ్రహ్మాండంగా నడుస్తోంది. మరమనిషి చేతికి కట్టేశాను."

హైమ అడిగింది, "పోనీ, అది ముద్ద పెట్టేటప్పుడైనా డయలు కనిపిస్తుందా?"

"తినేటప్పుడు సినిమా చూస్తాను కదా," అన్నాడు.

హైమ అతనికి అన్నం వడ్డించి పక్కకి జరిగింది. మా ఇంట్లో మరమనిషి లేదు. అతను చాలాసేపు విస్తరి వంక చూసి, చివరికి అన్నంలో చెయ్యి పెట్టాడు.