చెరపని నకళ్లు

ఇప్పుడు ప్రతి మొగుడూ అబద్ధం ఆడేముందు, ఇంట్లోని యంత్రంలో పెళ్లాం నకలును నిలబెట్టి దానిమీద పరీక్షించుకుంటున్నాడు. పరీక్ష కాగానే నకలును చెరిపెయ్యాలి. ఆఫీసులో పట్టాభి ఉద్యోగమే అది. ఇంట్లో మాత్రం అడిగేదెవరులే అని బద్ధకించాడు.

భార్య హైమకి చెప్పకుండా, ఆమె తల్లి వాయించిన వీణను తన పైఅధికారి కూతురికి ఇచ్చేశాడు మరి. పది అబద్ధాలకు పది నకళ్లూ అతణ్ణి దుమ్మెత్తిపోశాయి. పదకొండోది నమ్మింది. హమ్మయ్య అనుకుని వంటింట్లోకి వెళ్లాడు.

"హైమా, వీణకి తీగలు మార్పించడానికిచ్చాను."

హైమ గరిట పక్కన పెట్టింది.

"ఇందాకే యంత్రం తెరిచాను. లోపల పదకొండుమంది కూర్చుని నీ బాగోతమంతా ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. పన్నెండోదాన్ని నేను. చేతనైతే నన్ను చెరుపు."