చెప్పకుండా వచ్చిన మాట

సరిహద్దు శిబిరంలో దీపాలన్నీ ఆర్పేశారు. సెల్‌ఫోన్లు ముందే తీసేసుకున్నారు. డేరాలో ఉన్న ఒక్క ఫోను దగ్గర వీరేశ్ వంతు వచ్చేసరికి బాగా పొద్దుపోయింది.

సెలవు మధ్యలో యుద్ధానికి పిలుపు వచ్చిన రోజు, నందవరంలో అతని భార్య శోభ "ఈ ఒక్క రాత్రి ఉండు" అని ఏడ్చింది. అతను విసుక్కుని "పోతాండా" అని బస్సెక్కాడు. వాళ్ల వైపు గడప దాటే మనిషి "పోయొస్తా" అంటాడు. ఉత్త "పోతా" అని ఎవరూ అనరు. ఆ మాట సరిదిద్దుకోవాలని వీరేశ్ అప్పటినుంచి అల్లాడుతున్నాడు.

"శోభా, నేను."

"మెల్లగా మాట్లాడన్నా. ఆయన ఇప్పుడే నిద్రపోయినాడు."

భార్య తనను అన్నా అనడం విని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"ఎవరు?"

"మా ఆయన. సందెకాడ ఎమ్మిగనూరు బస్సు దిగి వచ్చినాడు. పోయొస్తానని సెప్పకుండా పోతినే అని గడపలోనే కూలబడి ఏడ్చినాడన్నా, పిచ్చోడు. ఇంక నాకే కోపమూ లేదు."

తాను దాచుకున్న మాటలన్నీ ఎవరో చెప్పేశారు. ఆమె గొంతులో అంత నెమ్మదిని వీరేశ్ ఏనాడూ వినలేదు.

"శోభా, నేను వీరేశ్‌ని."

అవతల మంచం కిర్రుమంది. నిద్రమత్తులో వీరేశ్ సొంత గొంతే అడిగింది.

"ఎవరే, ఈ యాళప్పుడు?"

"ఎవరో పాపం," అంది శోభ. "నీ పేరే సెప్తాండాడు."