వంటమేస్త్రి బ్రహ్మయ్య ఇరుక్కుపోయాడు

“నా చెయ్యి పడితే గంజి కూడా పరమాన్నమే అమ్మాయ్! ఓసారి పెళ్లిలో పప్పుచారుకు పోపేస్తే, ఆ వాసనకు పెనుగంచిప్రోలోళ్లు మున్నేరు ఈదుకుంటూ వచ్చి విస్తళ్ల ముందు కూర్చున్నారు. ఒళ్లు కూడా తుడుచుకోలేదు!”

బ్రహ్మయ్య ఈ కోత మొదట కోసింది జగ్గయ్యపేటలో, ఒక పెళ్లిపందిట్లో. పక్కనే కూర్చున్న రాజ్యశ్రీ వింది. విని ఊరుకోక నమ్మింది. చిక్కంతా అక్కడొచ్చింది. అందుకే ఇప్పుడు నందిగామలో, ఆవిడ నడిపే పిల్లల రక్షణ కేంద్రం వంటింట్లో నిలబడి అదే కోత మళ్లీ కొయ్యాల్సి వచ్చింది.

ఇటుక బట్టీల్లో, మిరప కల్లాల్లో, ఇళ్లల్లో పనికి పెట్టిన పిల్లల్ని విడిపించి తెచ్చి అక్కడ ఉంచుతారు.

“పిల్లలు సరిగ్గా తినట్లేదండీ. మా గౌసియాబీ వంటలో లోపమేంటో మీరే పట్టాలి. ఊరికే వచ్చి చేస్తానన్నారు, అదే పదివేలు,” అని రాజ్యశ్రీ మీటింగుకని విజయవాడ బస్సెక్కింది.

గౌసియాబీ గరిటె తెచ్చి చేతికిచ్చింది. “పోపు మీరే వెయ్యండి బాబాయ్ గారూ. చూసి నేర్చుకుంటా.”

బ్రహ్మయ్య గరిటె మళ్లీ ఆవిడ చేతిలోనే పెట్టేశాడు. “మొదటిరోజు మేస్త్రి పొయ్యి ముట్టడమ్మా. మా గురువు ఆజ్ఞ.”

“పోనీ రుచి చూడండి.”

చూశాడు. పప్పు అమృతంలా ఉంది. ఏదో ఒకటి పట్టాలి కదా! “ఉప్పు... ఉండాల్సినంతే ఉంది,” అని గంభీరంగా తలాడించాడు.

మధ్యాహ్నం గంట కొట్టారు. పిల్లలు వరసకట్టి, కిటికీలోంచి పళ్లేలు అందుకుని, మాటాపలుకూ లేకుండా తలో మూలకూ పోయారు. ఇదే అదను. సాయంత్రం కూర వండమంటే పరువు మున్నేట్లో కలుస్తుంది. బ్రహ్మయ్య చెప్పులు చేత్తో పట్టుకుని, గోడవారగా గేటు దాకా వెళ్లాడు.

వెళ్లినవాడు వెనక్కి చూడకుండా ఉండాల్సింది. మెట్ల మీద గుల్షన్ అనే పిల్ల, కొత్తగా వచ్చింది, నిండు పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అన్నం మీద ఈగల్ని తోలుతోంది గానీ ముద్ద ముట్టడం లేదు.

గేటు వైపు తిరిగాడు. తాళం. కొబ్బరికాయంత ఇనప తాళం. మనిషి బోనులో పడ్డాడు.

కాళ్లీడ్చుకుంటూ వంటింటికొచ్చాడు.

“వెళ్లిపోయారనుకున్నా,” అంది గౌసియాబీ.

“పోదామంటే దారేదమ్మా? సర్లే, ఆ పిల్ల తినదేం?”

“ఎవరింట్లోనో పనికి పెట్టారంట. ఇంటిల్లిపాదీ తిని లేచాకే దానికి పెట్టేవాళ్లంట. ఇక్కడా అంతే, అందరూ తినేదాకా చూస్తది. అప్పటికి అన్నం గట్టిపడుద్ది. రెండు ముద్దలు తిని పారేస్తది. ఇంకా చిక్కితే ఆస్పత్రిలో చేర్చాలన్నాడు డాక్టరు.”

బ్రహ్మయ్య చేతిలోని చెప్పులు గుమ్మం బయట పెట్టాడు. “అమ్మాయ్, నేను వంటమేస్త్రిని కాదు. ఆవాలు ముందో కరివేపాకు ముందో కూడా తెలీదు. పెళ్లిళ్లలో వడ్డించేవాణ్ణి.”

“గరిటె పట్టుకున్నప్పుడే తెలిసింది బాబాయ్ గారూ. మరి ఆ ఈదుకుంటూ వచ్చినోళ్లు?”

“ఆ ఏడు మున్నేట్లో నీళ్లే లేవు!”

గౌసియాబీ పడీపడీ నవ్వింది.

సాయంత్రం కూరగాయలు తెచ్చే బాషా ఆటో వచ్చి వంటింటి ముందు ఆగింది. వంకాయలూ, బ్రహ్మయ్య పురమాయించిన విస్తళ్లూ దించి, “చిల్లకల్లు దాకా పోతన్నా. మీ ఊరేగా, ఎక్కు పెద్దాయనా,” అన్నాడు బాషా.

గుల్షన్ అప్పుడే ఒక్కో విస్తరీ తుడిచి బ్రహ్మయ్యకు అందిస్తోంది.

“ఎట్టా వస్తానయ్యా? చూస్తన్నావుగా!”

బాషా చూశాడు. ఆటో తిప్పుకున్నాడు.

బ్రహ్మయ్య ఇంటికి, పెళ్లానికి ఫోన్ చేశాడు. “రాఘవమ్మా, ఇరుక్కుపోయానే.”

“కోతలు కోసే మొగుడికి అంతే కావాలి,” అని పెట్టేసిందావిడ.

పొద్దుగూకే వేళకు కిటికీ మూయించి, వరండాలో బంతి వేయించాడు. పిల్లలంతా ఎదురూబొదురూ కూర్చున్నారు. బ్రహ్మయ్య కండువా నడుముకు చుట్టి బకెట్టు అందుకున్నాడు.

“అల్లుడుగారికి వంకాయ! తమరు ఆడపెళ్లివారా, మగపెళ్లివారా? పప్పు వద్దంటే రెండు గరిటెలు, కావాలంటే ఒకటి!”

పిల్లలు నవ్వుతున్నారు, వద్దు వద్దంటూ తింటున్నారు. గుల్షన్ చెయ్యి మాత్రం ఒళ్లోనే ఉంది.

“అందరూ తింటున్నారుగా తల్లీ?”

“నువ్వు తినలేదుగా తాతా.”

బంతి లేవకుండా వడ్డించేవాడు ముద్ద ముట్టడం ఏ పెళ్లిలోనూ లేదు. బ్రహ్మయ్య ఎప్పుడూ ఆఖర్నే తిన్నాడు. బకెట్టు కింద పెట్టాడు. గౌసియాబీని కూడా పిలిచి కూర్చోబెట్టి, తను ఆ పిల్ల పక్కన చతికిలబడి విస్తరి పరుచుకున్నాడు.

“ఏదీ, నాకు నువ్వు వడ్డించు.”

వడ్డించింది. ఆయన ముద్ద మింగేదాకా చూసింది. తర్వాత తనొక ముద్ద. ఇంకొకటి. విస్తరి ఖాళీ అయ్యాక, దెబ్బ పడుతుందేమోనన్నట్టు మెడ లోపలికి లాక్కుని అంది: “తాతా, ఇంకొంచెం పప్పు.”

రాజ్యశ్రీ తిరిగొచ్చేసరికి బంతి లేస్తోంది. “ఇంకా వెళ్లలేదేంటండీ?”

“వెళ్లనిస్తేగా!” అన్నాడు బ్రహ్మయ్య.

మర్నాడూ అలాగే ఇరుక్కుపోయాడు. ఆ పైవారమూ అంతే.

కోతలన్నీ బ్రహ్మయ్యవే అనుకునేరు. ఇందులో ఒకటి నాది కూడా ఉంది.

ఆ గేటుకు తాళం లేదు.